ఎనిమిది మంచాలకి ఒకే గౌను

లెక్క మొదలయ్యేనాటికి సూర్యప్రకాశరావు చేతిలో ఉన్నవి ఇవి: తొంభై రోజులు నిండిన నాలుగు రొయ్యల చెరువులు, ముమ్మిడివరం సెంటర్లో చెరువు మేతలూ మందులూ అమ్మే కొట్టు, ఒక జీపు, ఒక అక్క, ఆ అక్కని చేసుకున్న ఒక బావ. చెరువులకి బీమా లేదు, బావకీ లేదు. చెరువు పోయేటట్టుంటే నీటి రంగు చూసి రెండు రోజుల ముందే చెప్పగలడు. బావ పోతాడేమోనన్న ఆలోచన మాత్రం ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్కసారీ అతని లెక్కలోకి రాలేదు.

బావ పేరు జగ్గయ్య. ఆరెకరాల కొబ్బరితోట, నాలుగెకరాల వరి, ఆ రెంటికీ మించిన నోరు. రొయ్యల సాగు ఆయన దృష్టిలో సాగే కాదు. నీళ్ళల్లో పోసి నీళ్ళల్లో వెతుక్కునే బేరం అనేవాడు, పదిమంది ఉన్నప్పుడు మరీ. సూర్యప్రకాశరావు కూడా ఊరుకునే రకం కాదు. కొబ్బరి రేటు పడిపోయిన ప్రతి ఏడూ పనిగట్టుకుని అక్క ఇంటికి వెళ్ళి, ఒంట్లో ఎలా ఉందని అడిగినంత ప్రేమగా, కాయ ఎంతకి పోయింది బావగారూ అని అడిగేవాడు. ఇద్దరికీ అది భోజనం తరవాత తమలపాకు లాంటిది. అక్క వెంకటరమణమ్మ ఎవరి పక్షానా మాట్లాడకుండా ఇద్దరికీ మజ్జిగ ఇచ్చేది.

రెండువేల ఏడు ఆగస్టులో జగ్గయ్య తోటలో దింపు తీయించాడు. చెట్లెక్కినవాళ్ళు కాయలు దింపి, లెక్కపెట్టి, రాశి పోసి వెళ్ళిపోయారు. వాళ్ళ లెక్క మీద ఆయనకి నమ్మకం కుదరలేదు. ఒక్కడే కూర్చుని ఒక్కో కాయా తీసి పక్కకి వేస్తూ మళ్ళీ మొదలుపెట్టాడు. మూడువందలు దాటాక, రాశిలో చల్లగా పడుకున్న తాచుపాము చేతి మీద కాటేసింది.

అమలాపురంలో విరుగుడు ఇంజెక్షన్లు ఎక్కించారు గాని, అప్పటికే రెప్పలు వాలిపోయి, ఊపిరి తీసుకునే శక్తి పోయింది. అంబులెన్సులో ఒకతను రబ్బరు సంచీ నొక్కుతూ ఊపిరి అందిస్తుంటే ఎదుర్లంక వంతెన మీదుగా కాకినాడ తీసుకెళ్ళి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. అక్కడి ఐసీయూలో ఎనిమిది మంచాలు. జగ్గయ్యది అయిదో నంబరు. నోట్లో గొట్టం, గొట్టానికి ఊపిరి మిషను. విషం మూడు నాలుగు రోజుల్లో దిగిపోతుంది, అంతదాకా ఊపిరి సంగతి మిషను చూసుకుంటుంది అన్నారు డాక్టరు రాజేంద్రప్రసాద్ గారు. నలభై ఏళ్ళ మనిషి, తక్కువ మాట్లాడేవారు. తక్కువ మాట్లాడే మనిషి చెప్పిన తేదీ నమ్మవచ్చని వ్యాపారంలో నేర్చుకున్నాడు కాబట్టి, సూర్యప్రకాశరావు అక్కకి ధైర్యం చెప్పి, తరవాతి పనిలో పడ్డాడు.

తరవాతి పని వచ్చే జనాన్ని చూసుకోవడం. కోనసీమలో ఆసుపత్రిలో పడ్డ మనిషిని చూడ్డానికి వెళ్ళకపోతే, ఆ మనిషి కోలుకున్నాక ఎదురుపడడం కష్టం. వెళ్ళినవాళ్ళు గది బయట నుంచుని వచ్చేస్తే వెళ్ళినట్టు కాదు. మంచం దాకా వెళ్ళాలి, చెయ్యి పట్టుకోవాలి, నన్ను గుర్తుపట్టేరా అని అడగాలి. రోగి నోట్లో గొట్టం ఉన్నా అడగాలి. మొదటి వారం రోజుల్లో అలా అడిగినవాళ్ళు తొంభై ముగ్గురు.

ఐసీయూలోకి సాయంత్రం పది నిమిషాలు ఇద్దరినే పంపిస్తామని గోడ మీద రాసి ఉంది. ఆ రాత కింద కూర్చునే వాచ్‌మన్ పేరు సత్తిబాబు. సూర్యప్రకాశరావు చెరువు నుంచి రెండు కిలోల పెద్ద రొయ్య తెప్పించి, ఒలిపించి, ఐసు పెట్టించి అతనికి ఇచ్చాడు. ఆ పూట నుంచి గోడ మీద రాత గోడ మీదే ఉండిపోయింది. మిగిలిన నిబంధన ఒక్కటే: తలుపు పక్కన మేకుకి వేలాడే ఆకుపచ్చ గౌను వేసుకుని లోపలికి వెళ్ళాలి. గౌను ఒక్కటే. ఎనిమిది మంచాల తాలూకు జనమంతా దాన్నే వేసుకోవాలి. ఒకరు విప్పుతుంటే ఇంకొకరు చెయ్యి దూర్చి సిద్ధంగా ఉండేవారు. సూర్యప్రకాశరావు పక్కన నిలబడి, దూరం నుంచి వచ్చినవాళ్ళని ముందు, కాకినాడలో పని చూసుకుని వెళ్తూ వెళ్తూ తొంగిచూసినవాళ్ళని తరవాత పంపుతూ, ఎవరికీ కోపం రాకుండా నడిపించాడు. వేలంపాట కూడా అంత సాఫీగా జరగదని లోపల్లోపల మురిసిపోయాడు.

మనవాళ్ళ మర్యాద అయిదో నంబరుతో ఆగలేదు. అక్కడికి వెళ్ళే దారిలో మూడో నంబరు మంచం ఉంది. అందులో యానాం వైపు పెద్దాయన ఒకాయన, పక్షవాతంతో వచ్చి మూడువారాలైంది. కళ్ళ ముందు మనిషి పడుకుని ఉంటే పలకరించకుండా ఎలా పోతారు? ఆయన చెయ్యి పట్టుకుని, దుప్పటి సర్ది, తగ్గిపోతుందండీ అని చెప్పి, ఆ చేత్తోనే వచ్చి జగ్గయ్య చెయ్యి పట్టుకునేవారు. ఆ పెద్దాయనకి చూసేవాళ్ళు ఒక్క కూతురే. మీ కోనసీమవాళ్ళు ఎంత మంచివాళ్ళండీ అని ఆమె సూర్యప్రకాశరావు దగ్గర కళ్ళు తుడుచుకుంది. ఆ మంచితనమంతా తన గోడౌను నుంచే వెళ్ళినట్టు అతను తలవంచుకుని అందుకున్నాడు.

మూడోరోజుకి జగ్గయ్య కళ్ళు తెరిచాడు. సూర్యప్రకాశరావు వంగి, మీ కాయల లెక్క సరిగ్గానే ఉందట బావగారూ, దింపువాళ్ళు చెప్పినంతే ఉన్నాయట అన్నాడు. జగ్గయ్య మాట్లాడలేక, చూపుడువేలు ఎత్తి దించాడు. దాని అర్థం ఏమైనా కావచ్చు గాని పొగడ్త మాత్రం కాదని వెంకటరమణమ్మ నవ్వింది. రేపు గొట్టం తీసేద్దాం అన్నారు డాక్టరు గారు.

రేపు జ్వరం వచ్చింది. నూట మూడు. గొట్టంలో చిక్కటి కఫం. ఫొటో తీస్తే కుడి ఊపిరితిత్తిలో తెల్లగా మబ్బు పట్టినట్టుంది. ఒక మందు వేశారు, దిగలేదు. ఇంకోటి మార్చారు, దిగలేదు. కఫాన్ని పరీక్షకి పంపితే మూడోనాడు కాగితం వచ్చింది. డాక్టరు గారు సూర్యప్రకాశరావుని తన గదికి పిలిచి ఆ కాగితం ముందు పెట్టారు.

పద్నాలుగు మందుల పేర్లు వరసగా ఉన్నాయి. పదమూడింటికి ఎదురుగా ఒకే అక్షరం. ఆ అక్షరం ఉంటే, ఈ పురుగు ఆ మందుని ఖాతరు చెయ్యదని అర్థమట. పురుగుకి ఒక పొడుగు పేరు కూడా చెప్పారు, ఎసినిటోబాక్టర్ అని. సూర్యప్రకాశరావుకి పేరుతో పని లేదు. సరుకు ఎంత మొండిదో తెలిస్తే చాలు.

"రెండు మూడు మందులు కలిపి, డోసు పెంచి ఒక్కసారి కొడితే ఎలా ఉంటుందండి?" అన్నాడు.

డాక్టరు గారు అతని వంక చూశారు. "మీ వ్యాపారం ఏమిటండీ?"

"చెరువు మందులండి."

"అనుకున్నాను," అన్నారాయన. కోపంగా కాదు, జబ్బు పేరు సరిగ్గా పోల్చుకున్నవాడిలా. "అలా కొట్టీ కొట్టీనే ఇది ఇంత గట్టిపడింది. చచ్చేవి చస్తాయి, చావనివి మిగుల్తాయి. మిగిలినవాటి సంతానమే ఇది."

సూర్యప్రకాశరావు కాగితాన్ని మళ్ళీ చూశాడు. పదమూడింట్లో మూడు పేర్లు చదవక్కర్లేకుండానే తెలుసు. తన కొట్టులో రెండో అర మీద డబ్బాలు. జబ్బు లేని చెరువులకి కూడా ముందుజాగ్రత్తగా మేతలో కలుపుకోండని తనే కిలోల లెక్కన ఇచ్చాడు. ఇది మా చెరువుల నుంచి వచ్చిందంటారా అని అడిగాడు.

"ఎక్కడ పుట్టిందో నేను చెప్పలేనండి, ఎవరూ చెప్పలేరు. ఎక్కడ ఎక్కిందో చెప్పగలను. ఇక్కడే, మా ఐసీయూలోనే. మూడో నంబరాయనకి ముందే ఉంది."

"అయితే పాము..."

"పాము పని ఎప్పుడో అయిపోయింది. పాము నయం, అది కనిపిస్తుంది." ఆయన పద్నాలుగో మందు పేరు మీద వేలు పెట్టారు. కొలిస్టిన్. "ఉన్నది ఈ ఒక్కటే. మూత్రపిండాలకి మంచిది కాదు, అయినా ఇవ్వాలి. ఇది పనిచేసేలోగా కొత్తగా ఇంకొకటి ఎక్కిందంటే నా దగ్గర ఇవ్వడానికి ఏమీ ఉండదు. అది మీకు ముందే చెప్పాలి."

సూర్యప్రకాశరావు చాలా బేరాలు చూశాడు గాని, అవతలివాడి సంచీలో ఒక్కటే ఉన్న బేరం ఎప్పుడూ చెయ్యలేదు. బయటికి వచ్చి ఐసీయూ తలుపు దగ్గర నిలబడ్డాడు. కొత్తపేట నుంచి వచ్చిన చుట్టం ఒకాయన, ఎవరో విప్పిన గౌను తొడుక్కుంటున్నాడు. లోపలి నుంచి సిస్టరు రెబెకా వచ్చి ఆయన్ని మర్యాదగా ఆపి, గౌను తీయించి, బెంచీ మీద కూర్చోబెట్టింది.

రెబెకా ఆ ఐసీయూకి పెద్ద నర్సు. రాజోలు అమ్మాయి, ముప్పై అయిదేళ్ళుంటాయి. సత్తిబాబు రొయ్యలు అందుకున్న పూట నుంచి ఆమె మాట తలుపు దగ్గర చెల్లడం మానేసింది, ఈ కాగితం వచ్చాకే మళ్ళీ చెల్లుతోంది.

"మా సత్తిబాబుని రెండు కిలోల రొయ్యలకి కొనేసేరండి," అంది. "నన్ను అడగనేలేదు. నేనంత కరీదనుకున్నారా, లేక పనికిరాననుకున్నారా?"

"తప్పయిపోయిందమ్మా. ఆ మూడో నంబరులోది మా బావగారి దాకా ఎలా వచ్చిందో చెప్పు."

ఆమె గౌనుని చేతి మీద వేసుకుని నిలబడింది. "మా నాన్నగారు సాలమోను మాస్టారండి. రాజోల్లో సైన్సు చెప్పేవారు. తొంభై నాలుగులో అందరూ వేస్తున్నారని ఆయనా ఒక చెరువు వేసేరు. రొయ్యపిల్ల బాగుంది, నీళ్ళు బాగున్నాయి. రొయ్య ఎంత పెరిగిందో చూద్దామని పక్క చెరువాయన దగ్గర విసురువల అడిగి తెచ్చేరు. ఆ చెరువుకి తెల్లమచ్చ తెగులు తగిలిందని ఆయనకి తెలీదు. ఆరు రోజుల్లో మా రొయ్యా చచ్చి తేలిపోయింది. మీరైతే పక్కవాళ్ళ వల తెచ్చుకుంటారా అండి?"

"పక్కవాళ్ళదా? నా ఒక చెరువు వల నా ఇంకో చెరువులోనే ముంచనివ్వను. నాలుగింటికీ నాలుగు వలలు."

"ఆయ్," అంది రెబెకా. "ఇక్కడ ఎనిమిది చెరువులకి ఒకటేనండి." గౌను తెచ్చి అతని చేతుల్లో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

సూర్యప్రకాశరావు దాన్ని మళ్ళీ మేకుకి తగిలించకుండా మడతపెట్టి పట్టుకున్నాడు. తన చెరువు గట్టు ఎక్కాలంటే ఎవరైనా సరే ముందు మందునీళ్ళ తొట్టెలో కాళ్ళు ముంచాలి. చెరువులు చూడ్డానికి వచ్చిన ఆఫీసరు ఒకాయన బూట్లు తడవడం ఇష్టంలేక గొణిగితే, అలాగే వెనక్కి పంపేశాడు. రొయ్యకి అంత చేసినవాడు, బావ మంచం మీదకి తొంభై ముగ్గురిని తనే వరసలో నిలబెట్టి మరీ పంపాడు. పైగా లంచం ఇచ్చి.

బాధపడుతూ కూర్చోవడం అతనికి చేతకాదు. అరగంటలో ఫోను తీశాడు. అతను రొయ్యలు పంపే ఎగుమతి కంపెనీలో, రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళందరికీ తెల్లకోట్లూ, తలకి టోపీలూ ఇస్తారు. ఒక్క వెంట్రుక దొరికితే కంటైనరు మొత్తం వెనక్కొస్తుంది మరి. ఆ మేనేజరుని అడిగి అరవై తెల్లకోట్లు, అరవై టోపీలు తెప్పించాడు. ఒకరు వేసుకున్నది ఇంకొకరు వేసుకోకుండా రోజూ ఉడికించి ఉతికే చాకలిని మాట్లాడాడు. అవి అయిదో నంబరుకే కాదు, ఎనిమిది మంచాలకీ అన్నాడు. ఆసుపత్రివాళ్ళు మొదట మా పద్ధతులు మాకున్నాయండీ అన్నారు. ఆకుపచ్చ గౌను వాళ్ళ బల్ల మీద పరిచి ఇదేనా అండీ అని అడిగాక ఇంకేమీ అనలేదు. సత్తిబాబు మాత్రం రొయ్యలు ఆగిపోతాయని దిగులుపడ్డాడు. ఆగవు, ఇప్పటిదాకా పంపించినందుకు ఇచ్చాను, ఇకమీద పంపించనందుకు ఇస్తాను అని సూర్యప్రకాశరావు అతన్ని ఓదార్చాడు.

మిగిలింది అసలు కష్టం. వ్యానులో ముప్పై మైళ్ళు వచ్చిన చుట్టాన్ని లోపలికి వెళ్ళొద్దని ఎవరు చెప్తారు, ఎలా చెప్తారు? సూర్యప్రకాశరావు ఆలోచించి, మనిషికి కావలసింది రోగిని చూడడం కాదని తేల్చుకున్నాడు. తను వచ్చినట్టు రోగికి తెలియడం. అందుకని తలుపు బయట కుర్చీ వేసుకుని, కోటూ టోపీ తగిలించుకుని, ఒక కొత్త నోటు పుస్తకం తెరిచాడు. వచ్చినవాళ్ళ పేరు, ఊరు, వచ్చిన వేళ రాస్తాడు. సాయంత్రం అక్క బావ చెవిలో వరసగా చదువుతుంది. చుట్టాలకి ఇది బాగా నచ్చింది. లోపలికి వెళ్ళి గుర్తుపట్టేరా అని అడిగితే రోగి తలూపాడో లేదో తెలియదు, ఇది రాతలో ఉంటుంది. ఒకాయన తన పేరు పక్కన ఆపిల్స్ తెచ్చినట్టు కూడా రాయమన్నాడు. ఇంకొకాయన రాని తమ్ముడి పేరు కూడా రాయించబోతే, సూర్యప్రకాశరావు వేలిముద్ర కావాలన్నాడు.

మందు మొదలుపెట్టిన నాలుగో రోజుకి జ్వరం కొంచెం కూడా దిగలేదు. మూత్రపిండాల లెక్క మాత్రం పైకి వెళ్తోంది. ఇంకా రెండు రోజులు చూద్దాం అన్నారు డాక్టరు గారు. వెంకటరమణమ్మ పేర్లు చదవడం మాత్రం ఆపలేదు. ఆ మధ్యాహ్నమే వీరాయమ్మ గారు వచ్చింది.

ఆవిడ జగ్గయ్య పెద్దక్క. పసితనంలో తల్లి పోతే ఆయన్ని చంకన వేసుకుని పెంచిన మనిషి. డెబ్భై ఆరేళ్ళ వయసులో అంతర్వేది నుంచి మూడు బస్సులు మారి, స్టీలు సీసాలో స్వామి తీర్థం పట్టుకుని వచ్చింది. సూర్యప్రకాశరావు రెండు వైపులా లెక్క వేశాడు. ఈవిడని ఆపితే అక్క అత్తవారింట్లో ఇక తల ఎత్తుకోలేదు. ఆపకపోతే డాక్టరు సంచీలో రెండో మందు లేదు.

"వదినగారూ, కూర్చోండి. పేరు రాస్తాను," అన్నాడు.

"నా తమ్ముడికి నా పేరు రాసి చూపించాలా?" ఆవిడ అతన్ని టోపీ నుంచి కాళ్ళదాకా చూసింది. "ఏం వేషమయ్యా ఇది? లే. తలుపు తియ్యి."

లేచాడు. తలుపు తీయలేదు. లోపలికి వెళ్ళొచ్చు గాని తీర్థం వెళ్ళకూడదని, ఉంగరాలు తియ్యాలని, గాజులు తియ్యాలని, మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకోవాలని చెప్పాడు. గాజులు అన్న మాటకి వెంకటరమణమ్మ మొహం పాలిపోయింది. వీరాయమ్మ గారి భర్త ఇంటి దగ్గర నిక్షేపంగా ఉన్నాడు.

"పెళ్ళినాడు వేసినవి," అంది వీరాయమ్మ నెమ్మదిగా. "యాభై తొమ్మిదేళ్ళు. చంటిపిల్లాడిగా వాడికి నీళ్ళు పోసినప్పుడు కూడా తియ్యలేదు. ఇప్పుడు తియ్యమంటావా?"

"ఇంకోసారి అననండి. తియ్యకపోతే బలవంతం చెయ్యను. కాని ఆ గాజుల చాటున ఏముందో మీకూ కనపడదు, నాకూ కనపడదు. తొంభై ముగ్గురిని ఇలాగే పంపేను వదినగారూ. దాని ఫలితమే లోపల పడుకుని ఉంది. ఇంకోసారి ఎక్కిందంటే వెయ్యడానికి మందు లేదన్నారు."

"లేదా?"

"లేదండి."

ఆవిడ కాసేపు చేతులు చూసుకుంది. తరవాత కొళాయి దగ్గరికి నడిచి సబ్బు అడిగింది. "మీ అన్నయ్య ఈపాటికి తిని పడుకుని ఉంటారు," అంది గాజులు ఒక్కొక్కటే జారుస్తూ. "ఇవి తీసినా ఆయనకేం కాదులే. మెలకువ కూడా రాదు." తీర్థం సీసా మరదలి చేతికిచ్చి, వాడి బదులు నువ్వు పుచ్చుకో అంది. కోటు వేసుకుని, ముడి మీదకి టోపీ లాక్కుని, రొయ్యలు ఒలిచే దానిలా ఉన్నానేమిటే అని అడిగి, జవాబు వినకుండా లోపలికి వెళ్ళింది. సూర్యప్రకాశరావు వెనకాలే వెళ్ళాడు.

తమ్ముడి పాదం మీద చెయ్యి వేసి నిలబడింది. ఏడవలేదు. అప్పుడే డాక్టరు గారు మంచాలన్నీ చూడ్డానికి వచ్చారు. నాలుగో నంబరాయన గుండె మీద స్టెతస్కోపు పెట్టి చూసి, పొట్ట నొక్కి చూసి, కాగితం మీద ఏదో రాసి, అయిదో నంబరు వైపు తిరిగి చెయ్యి చాపారు.

"బాబూ, ఆగు," అంది వీరాయమ్మ గారు.

చాపిన చెయ్యి అక్కడే ఆగింది.

"నువ్వు పెద్ద చదువు చదువుకున్నవాడివి, నాకు తెలీదు. ఆ మంచం ఆయన పొట్ట మీద పెట్టిన చెయ్యి కడగకుండా నా తమ్ముడి మీద పెడతావా? నా చేత గాజులు తీయించేరు బాబూ."

సూర్యప్రకాశరావు కళ్ళు మూసుకున్నాడు. ఒకటే మందు, ఒకటే డాక్టరు. ఆ డాక్టరుకి కోపం వస్తే లెక్క అక్కడితో సరి. కళ్ళు తెరిచేసరికి డాక్టరు గారు చాపిన చేతిని చూసుకుంటున్నారు.

"నిజమేనండి, అమ్మగారూ," అని కొళాయి దగ్గరికి వెళ్ళారు. మోచేతుల దాకా రుద్దుకున్నారు. ఆవిడ చాలు అన్నట్టు తలూపేదాకా రుద్దుకున్నారని సత్తిబాబు తరవాత అందరికీ చెప్పాడు గాని, అంత జరగలేదు.

మర్నాటి నుంచి ప్రతి మంచానికీ ఒక స్పిరిట్ సీసా కట్టారు. నర్సయినా డాక్టరయినా చేతులు తుడుచుకున్నాకే మంచం ముట్టుకోవాలని పెట్టారు. ఏడాది నుంచి ఇదే చెప్తున్నానండీ, అంది రెబెకా సూర్యప్రకాశరావుతో. నేను గాజులు తియ్యలేదు కదా, అందుకని ఎవరికీ వినపడలేదు.

ఆరో రోజున జ్వరం నూటొకటికి దిగింది, ఏడో రోజున నూరు. మూత్రపిండాల లెక్క పెరగడం ఆగి, ఒకరోజు నిలబడి, కిందికి తిరిగింది. పదో రోజున గొట్టం తీశారు. జగ్గయ్య చాలాసేపు దగ్గి, చుట్టూ చూసి, తెల్లకోటూ టోపీలో నిలబడ్డ బావమరిదిని పోల్చుకున్నాడు. గొంతు గరగరలాడుతోంది. సిస్టరు మాట్లాడొద్దని చెయ్యి చూపించింది.

"మొత్తానికి..." అన్నాడు జగ్గయ్య. ఊపిరి కూడగట్టుకుని మళ్ళీ, "మొత్తానికి ఒలిచే పనిలో చేరేవన్నమాట."

సూర్యప్రకాశరావు ఏదో జవాబు చెప్పబోయాడు. సిస్టరు అతనికీ చెయ్యి చూపించింది. వెంకటరమణమ్మ చీర చెంగు నోట్లో కుక్కుకుంది.

మూడో నంబరు పెద్దాయనకి అదే మందు ఇచ్చారు. ఆయన మూత్రపిండాలు తట్టుకోలేకపోయాయి. జగ్గయ్యకి గొట్టం తీయడానికి రెండు రోజుల ముందే పోయాడు. వెళ్తూ వెళ్తూ ఆ కూతురు సూర్యప్రకాశరావు దగ్గరికి వచ్చి, మా నాన్నని మీవాళ్ళు రోజూ పలకరించేరండీ అని దణ్ణం పెట్టింది. తనవాళ్ళ చేతులు ఆ మంచం నుంచి ఈ మంచానికి ఏం తెచ్చాయో ఇప్పుడు అతనికి తెలుసు. ఈ మంచం నుంచి ఆ మంచానికి ఏమైనా మోసుకెళ్ళాయేమో మాత్రం ఎవరూ చెప్పలేరు. ఆమె దణ్ణానికి తిరిగి దణ్ణం పెట్టాడు.

జనరల్ వార్డుకి మార్చిన రెండోనాడే జగ్గయ్య నోటు పుస్తకం అడిగి పుచ్చుకున్నాడు. నూట నలభై ఒక్క పేర్లు. ఎవరు వచ్చారో చూసి వదిలేస్తాడనుకున్నారు. ఆయన రానివాళ్ళ జాబితా తయారుచెయ్యడం మొదలుపెట్టాడు. మొదటి తొంభై ముగ్గురూ పుస్తకంలో లేరని, అప్పటికి పుస్తకం పుట్టలేదని చెప్పినా నమ్మలేదు. రాతలో లేనిది వచ్చినట్టు కాదన్నాడు. వాళ్ళలో ముగ్గురితో ఇప్పటికీ మాటలు లేవు.

సెప్టెంబరు మధ్యలో ఇంటికి తీసుకొస్తూ, జీపు ముమ్మిడివరం కొట్టు దగ్గర ఆపి, మేత బస్తాలు తూచే కాటా మీద బావని నిలబెట్టాడు. అరవై మూడు. ఎండాకాలంలో ఇదే కాటా మీద ఎనభై ఒకటి. జగ్గయ్య కొట్టు లోపలికి చూసి, రెండో అర ఖాళీగా ఉందేమని అడిగాడు. ఆ మూడు డబ్బాలూ ఇక అమ్మడం లేదని, చెరువు నీళ్ళు పరీక్ష చేయించిన కాగితం తెస్తేనే మిగతా మందులైనా ఇస్తున్నానని సూర్యప్రకాశరావు చెప్పాడు. అయితే బేరాలన్నీ ఎదుటి కొట్టుకి పోతాయి కదా అన్నాడు జగ్గయ్య. పోతున్నాయి అన్నాడు సూర్యప్రకాశరావు. జగ్గయ్య ఎదుటి కొట్టు వైపు ఒకసారి చూసి, కాటా దిగాడు.

ఇంటికి వెళ్ళాక సూర్యప్రకాశరావు కూర్చుని అంతా కూడి, అంతా తీసేశాడు. తను దగ్గర లేనప్పుడు పనివాళ్ళు ఒక చెరువు తొందరపడి పట్టించారు, రొయ్య ఎదగలేదు. పాత ఖాతాదారులు పదకొండుమంది గుమ్మం మారారు. ముగ్గురు చుట్టాలకి బావతో మాటలు పోయాయి. యానాం పెద్దాయనని ఏ వైపు వెయ్యాలో తెలియక, రెండు వైపులా వదిలి, విడిగా ఉంచాడు, ఇప్పటికీ విడిగానే ఉన్నాడు. ఇవన్నీ పోగా చేతికి వచ్చింది, సొంతంగా ఊపిరి తీసుకునే బావ ఒకరు, అరవై మూడు కిలోలు. తరుగు పద్దెనిమిది కిలోలు పోయింది గాని, అందులో నోరు లేదు. సూర్యప్రకాశరావు దాన్ని లాభం కిందే కట్టాడు.